సాహిత్య సిద్ధాంతాల తారతమ్యం: కన్యాశుల్కం గీటురాయిగా

సాహిత్య సిద్ధాంతం అనేది ఒక రచనను చదివేటప్పుడు దేనిని పట్టించుకోవాలి, దేనిని పక్కన పెట్టవచ్చు, అర్థం విషయంలో ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్నలకు ముందుగానే సమాధానం ఏర్పరచుకున్న ఆలోచనా వ్యవస్థ. ఒక నాటకం బాగుందని, ఒక నవలలో ఫలానా పాత్ర పేలవంగా ఉందని చెప్పడం విమర్శ అయితే, బాగుండటం అంటే ఏమిటో, పేలవమనడానికి కొలమానం ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం సిద్ధాంతం పని. ఏ సిద్ధాంతమూ లేకుండా నేరుగా చదువుతున్నానని భావించే పాఠకుడు కూడా తెలియకుండానే ఏదో ఒక సిద్ధాంతాన్ని ఆశ్రయిస్తాడు. రచయిత ఏం చెప్పదలచుకున్నాడో వెతికేవాడు ఒక పక్షంలోను, కథ నిజ జీవితంలా ఉందా అని చూసేవాడు మరో పక్షంలోను అప్పటికే నిలబడి ఉంటాడు.

అమెరికా విమర్శకుడు ఎం. హెచ్. అబ్రమ్స్ 1953లో వెలువరించిన ‘ది మిర్రర్ అండ్ ది లాంప్’ గ్రంథంలో సిద్ధాంతాలన్నిటినీ రచన, రచయిత, లోకం, పఠిత అనే నాలుగు బిందువుల చుట్టూ అమర్చి చూపాడు. సాహిత్యం లోకానికి అనుకరణ అన్న ప్లేటో, అరిస్టాటిల్‌లు లోకం వైపు, కవి హృదయం నుంచి పొంగినదే కవిత్వమన్న రొమాంటిక్ కవులు రచయిత వైపు, రసికుడి మనసులో కలిగే ఆస్వాదాన్ని ప్రమాణం చేసుకున్న భారతీయ ఆలంకారికులు చాలావరకు పఠిత వైపు మొగ్గుతారు. ఈ పటం ఉపయోగకరమైనదే కాని, తరువాత వచ్చిన సిద్ధాంతాలు భాషనే అనుమానించడం వల్ల, ఎవరు చదువుతున్నారు, ఎవరి తరఫున చదువుతున్నారు అని నిలదీయడం వల్ల దీని గీతలు చెరిగిపోయాయి. సిద్ధాంతాలను వరుసగా నిర్వచించుకుంటూ పోయినంత మాత్రాన వాటి మధ్య ఉన్న నిజమైన వైరుధ్యం తెలియదు. ఒకే రచన మీద వాటిని ప్రయోగించి చూసినప్పుడు ఏ సిద్ధాంతం దేనిని చూడగలుగుతుందో, దేనిని చూడకుండా దాటిపోతుందో స్పష్టమవుతుంది. అందుకు తెలుగులో గురజాడ అప్పారావు రాసిన ‘కన్యాశుల్కం’ కంటే తగిన రచన దొరకడం కష్టం.

ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా తిరగరాసిన రెండవ కూర్పుగా వెలువడింది. కృష్ణరాయపురం అగ్రహారానికి చెందిన అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి నిశ్చయించడం, దానిని ఆపడానికి మేనమామ కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, వేశ్య మధురవాణి సాయంతో అతనినే లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అంటగట్టడం ఇందులో ప్రధాన కథ. పెద్దకూతురు బుచ్చమ్మ బాలవితంతువు. ఆమె తమ్ముడు వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో ఇంట్లో చేరిన గిరీశం సంఘసంస్కరణ కబుర్లతో ఆమెను లేవదీసుకుపోతాడు. చివర వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర మధురవాణి అసలు విషయం బయటపెట్టడంతో గిరీశం ఆట కట్టుతుంది.

రచయిత మాట ఎంతవరకు చెల్లుతుంది

చరిత్రాత్మక, జీవితచరిత్రాత్మక విమర్శ రచనను దాని కాలంలో, రచయిత జీవితంలో నిలిపి చదువుతుంది. ఈ పద్ధతికి కన్యాశుల్కం కొండంత ఆధారాన్ని ఇస్తుంది, ఎందుకంటే గురజాడ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. 1897 నాటి ఇంగ్లీషు పీఠికలో ఆయన సంఘసంస్కరణకు తోడ్పడటానికి, తెలుగు భాష నాటకానికి పనికిరాదన్న అపోహను తొలగించడానికి ఈ నాటకం రాసినట్టు చెప్పాడు. విజయనగర మహారాజు ఆనంద గజపతి ఆదేశంతో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల పట్టిక తయారైందని, అందులో 1,034 పెళ్లిళ్లు నమోదయ్యాయని, 99 మంది పిల్లలకు అయిదేళ్లకు, 44 మందికి నాలుగేళ్లకు, 36 మందికి మూడేళ్లకు, ఆరుగురికి రెండేళ్లకు, ముగ్గురికి ఒక ఏడాది వయసుకే పెళ్లి జరిగిందని, ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయల వరకు పలికిందని కూడా ఆయన రాశాడు. ఈ అంకెలు తెలిసిన పాఠకుడు నాటకంలో బేరసారాల సంభాషణను హాస్యంగా మాత్రమే వినలేడు. కె. వి. రమణారెడ్డి ‘మహోదయం’లో గురజాడ కాలాన్ని, విజయనగర సంస్థానాన్ని, ఆనాటి సంస్కరణ వాతావరణాన్ని శ్రమపడి సేకరించి ఈ రకమైన చదువుకు బలమైన పునాది వేశారు.

అయితే డబ్ల్యు. కె. విమ్సాట్, మన్రో బియర్డ్‌స్లీ అనే అమెరికా విమర్శకులు 1946లో రచయిత ఉద్దేశాన్ని తీర్పుకు కొలతగా వాడటాన్ని ‘ఉద్దేశదోషం’ అన్నారు. రచన ఒకసారి లోకంలోకి వచ్చాక దాని అర్థం భాషలో, నిర్మాణంలో వెతకవలసిందే కాని పీఠికలో కాదని వారి వాదం. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1967లో మరింత ముందుకు వెళ్లి, రచయితను అర్థానికి యజమానిగా చూడటం మానినప్పుడే పాఠకుడు పుడతాడని ప్రకటించాడు. ఈ వాదం మొదట వింతగా తోచినా కన్యాశుల్కం విషయంలో దానికి గట్టి సమర్థన ఉంది. నాటకం పేరు కన్యాశుల్కం. కాని ఎవరిని అమ్మబోతున్నారో ఆ సుబ్బి నాటకంలో దాదాపు మాట్లాడదు. ఆమెను రక్షించింది ఏ సంస్కరణ సభా కాదు, ఏ చట్టమూ కాదు, ఒక దొంగపెళ్లి. ప్రేక్షకుల గుండెల్లో నిలిచినవారు గిరీశం, మధురవాణి. పీఠిక ఒకదానిని ప్రకటించగా నాటకం మరొకదానిని చేసిందని ఒప్పుకోవడమే ఇక్కడ నిజాయితీ అవుతుంది. అలాగని పీఠికను చింపి పారేస్తే ఆ 1,034 పెళ్లిళ్లు కూడా పోతాయి. ఉద్దేశం తీర్పుకు పనికిరాకపోవచ్చు కాని సాక్ష్యంగా పనికివస్తుంది.

రసం, ధ్వని, ఔచిత్యం

భారతీయ అలంకారశాస్త్రం రచయిత జీవితాన్ని అసలు పట్టించుకోదు. భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం విభావం, అనుభావం, వ్యభిచారి భావాల కలయిక వల్ల రసం నిష్పన్నమవుతుంది. విభావం అంటే భావం పుట్టడానికి కారణమైన పాత్ర, పరిసరం. అనుభావం అంటే ఆ భావం చూపులోను, చేతలోను బయటపడటం. వ్యభిచారి భావాలంటే మధ్యమధ్య వచ్చిపోయే చింత, సిగ్గు, అసూయ వంటివి. ఆ నిష్పత్తి ఎక్కడ జరుగుతుందన్న దానిమీద శతాబ్దాల పాటు వాదం నడిచింది. లొల్లటుడు రసం మూలపాత్రలో ఉందన్నాడు, శంకుకుడు నటుడి ద్వారా ప్రేక్షకుడు దానిని ఊహించుకుంటాడన్నాడు, భట్టనాయకుడు కావ్యభాషకు పాత్రల వ్యక్తిగత హద్దులను చెరిపి భావాన్ని అందరిదిగా చేసే శక్తి ఉందని చెప్పి దానికి సాధారణీకరణం అని పేరు పెట్టాడు, అభినవగుప్తుడు రసం సహృదయుడి మనసులో వాసనారూపంగా ఉన్నదే వ్యక్తమవుతుందని స్థిరపరిచాడు. పాశ్చాత్యులు ఇరవయ్యో శతాబ్దంలో పాఠకస్పందన సిద్ధాంతమని పేరు పెట్టి చర్చించిన ప్రశ్నను కాశ్మీర పండితులు అంతకు వెయ్యేళ్ల ముందే పట్టుకున్నారని చెప్పడం గొప్పలకు పోవడం కాదు. కాని ఆ రెండూ ఒకటేనని చెప్పడం పొరపాటు. ఎందుకో ముందుముందు చూడవచ్చు.

రసదృష్టితో చూస్తే కన్యాశుల్కంలో అంగిరసం, అంటే ప్రధాన రసం, హాస్యమా కరుణమా అన్నది మొదటి చిక్కు. శృంగారానికి అనుకరణగా వచ్చేది హాస్యమని భరతుడే చెప్పాడు కనుక, బుచ్చమ్మ ముందు గిరీశం ఒలకబోసే ప్రేమ శృంగారాభాసమై, అనుచితమైన చోట పుట్టి హాస్యంగా మారుతుందని ఆలంకారికుడు వివరించగలడు. మధురవాణి విషయంలోనూ సంప్రదాయం చేతులెత్తేయదు. ప్రకరణమనే రూపకంలో వేశ్య నాయిక కావచ్చునని శాస్త్రం అనుమతిస్తుంది. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లో వసంతసేన అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దంలో ప్రతిపాదించిన ధ్వని సిద్ధాంతం ఇంకా పదునైన పనిముట్టు. పదానికి నేరుగా ఉండే అర్థం అభిధ, అది పొసగనప్పుడు పక్కకు జరిగి తీసుకునే అర్థం లక్షణ, ఈ రెండూ ముగిశాక మనసులో మోగే అర్థం వ్యంజన. ఇంగ్లీషులో విలియం ఎంప్సన్ 1930లో అనేకార్థత మీద రాసిన గ్రంథాన్ని ధ్వనితో పోల్చడం పరిపాటి. కాని ఎంప్సన్ అర్థాలు పరస్పరం ఢీకొనడంలో సౌందర్యం చూస్తాడు. ఆనందవర్ధనుడికి వ్యంగ్యార్థం చివరికి రసానికి లోబడాలి. ఒకరికి అర్థాల పోరాటం ఫలం, మరొకరికి అది దారి మాత్రమే.

ఈ సంప్రదాయంతో తెలుగువారికి ఉన్న అనుబంధం పైపైది కాదు. కోనసీమలోని ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు పదిహేడవ శతాబ్దంలో ‘రసగంగాధరం’ రాసి, రమణీయమైన అర్థాన్ని తెలిపే శబ్దమే కావ్యమని నిర్వచించాడు. తరువాత 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ఆధారంగా పాశ్చాత్య ప్రమాణాలను ముందుకు తెచ్చి ప్రబంధ కవిత్వాన్ని నిర్మొహమాటంగా పరీక్షించడంతో, తెలుగు విమర్శలో రెండు కొలమానాల మధ్య మొదలైన తగాదా నేటికీ పూర్తిగా తీరలేదు.

రచన మాత్రమే: రూపవాదం నుంచి నిర్మాణవాదం వరకు

రష్యన్ రూపవాది విక్తర్ ష్క్లోవ్‌స్కీ 1917లో కళ పని అలవాటైపోయిన వస్తువును కొత్తగా, అపరిచితంగా కనిపించేటట్టు చేయడమని చెప్పాడు. మామూలు మాటకు భిన్నమైన వంపే కావ్యానికి ప్రాణమన్న కుంతకుడి వక్రోక్తి వాదానికి ఇది దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషు, అమెరికా విశ్వవిద్యాలయాలలో ఐ. ఎ. రిచర్డ్స్, క్లియాంత్ బ్రూక్స్ మొదలైనవారు పెంచిన ‘నవ్య విమర్శ’ కూడా రచన బయటి విషయాలను వదిలి, పదాల మధ్య ఉద్రిక్తతను, వైరుధ్యాన్ని, వ్యంగ్యాన్ని వెతకమంది.

ఈ దగ్గరి చదువు ఏం చేయగలదో ఒక సన్నివేశంతో చూడవచ్చు. రెండవ అంకంలో, కొడుకు ఎంత చదివాడో వినాలని ముచ్చటపడి తల్లి వెంకమ్మ, గిరీశాన్నీ వెంకటేశాన్నీ ఒకసారి ఇంగ్లీషులో మాట్లాడుకోమంటుంది. గురుశిష్యులు పిల్లల పద్యాలలోని ముక్కలను, పాఠ్యపుస్తకంలోని పొంతనలేని వాక్యాలను ఒకరికొకరు బదులిచ్చుకుంటున్నట్టు గంభీరంగా అప్పజెబుతారు. తల్లి మురిసిపోతుంది. రూపవాది ఇక్కడ చూసేది భాష అర్థాన్ని పూర్తిగా వదిలేసి ధ్వనిగా, హోదాగా మాత్రమే మిగలడం. వింటున్న పదం చిలకపలుకైపోయి ప్రేక్షకుడికి ఇంగ్లీషే అపరిచితంగా కనిపించడం. సరిగ్గా ఇదే సన్నివేశం పాఠకస్పందన విమర్శకుడి చేతిలో మరో ప్రశ్న అవుతుంది. ఈ హాస్యం ఇంగ్లీషు తెలిసిన ప్రేక్షకుడికే అందుతుంది. తెలియనివాడు వెంకమ్మ పక్కన కూర్చుని ఆమెలాగే ఆశ్చర్యపోతాడు. జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ చెప్పినట్టు ప్రతి రచన తనకు తగిన పాఠకుణ్ణి లోపలే ఊహించుకుని ఉంటే, కన్యాశుల్కం ఊహించుకున్న పాఠకుడు తెలుగు యాసను ఆస్వాదిస్తూనే ఇంగ్లీషు చదువుకున్నవాడు, అంటే గిరీశానికి దగ్గర బంధువు. నవ్వుతున్న ప్రేక్షకుడు ఎవరిని చూసి నవ్వుతున్నాడో తేల్చుకోవలసిన ఇరకాటం ఇందులో ఉంది. వలసానంతర విమర్శకుడు దీనినే వలస పాలనలో విద్య ఒక అధికార చిహ్నంగా మారిన తీరుకు సాక్ష్యంగా చదువుతాడు. ఒక్క సన్నివేశం మూడు సిద్ధాంతాలకూ పనికివచ్చింది. మూడూ ఒకదానినొకటి కాదనలేదు.

నిర్మాణవాదం ఇంకో మెట్టు పైకెక్కి, ఒక్కొక్క రచనను కాక రచనలన్నిటి కింద ఉన్న వ్యాకరణాన్ని వెతుకుతుంది. భాషలో ఏ పదానికీ తనంతట తనకు విలువ లేదని, ఇతర పదాలతో ఉన్న తేడా వల్లనే విలువ వస్తుందని ఫెర్డినాండ్ ద సొస్యూర్ చెప్పిన మాట దీనికి మూలం. ఆయన ఉపన్యాసాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. వ్లదీమిర్ ప్రాప్ 1928లో రష్యన్ జానపద కథలను విప్పి, పాత్రలు ఎన్ని మారినా అవి చేసే పనులు ముప్ఫై ఒకటికి మించవని తేల్చాడు. ఈ దృష్టితో కన్యాశుల్కాన్ని చూస్తే మొదట కంటబడేది మూడు మారువేషాలు. శిష్యుడు ఆడపిల్ల వేషం వేస్తాడు, మధురవాణి మగవాడి వేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది, గిరీశం సంస్కర్త వేషం వేస్తాడు. బట్టలు మార్చిన ఇద్దరి అబద్ధం ఒక పిల్లను కాపాడి ఒక నిజాన్ని బయటపెడుతుంది. బట్టలు మార్చకుండా మాటలు మార్చినవాడి అబద్ధం ఒక వితంతువును మోసగిస్తుంది. ఇంత అందమైన పొందిక నాటకంలో ఉందని చూపడం నిర్మాణవాదం చేసే మేలు. అది ఎందుకు ముఖ్యమో చెప్పమంటే మాత్రం ఆ సిద్ధాంతం దగ్గర జవాబు లేదు.

జాక్ దెరిదా 1967 తరువాత ప్రచారంలోకి తెచ్చిన వినిర్మాణ పద్ధతి ఈ జంటలనే పట్టుకుని అవి నిలవవని చూపుతుంది. సంస్కరణ, మోసం అనేవి ఎదురెదురు పదాలుగా నాటకం మొదలుపెడుతుంది. కాని సుబ్బిని మోసమే రక్షిస్తుంది, బుచ్చమ్మను సంస్కరణ భాషే ముంచుతుంది. వితంతు వివాహం గురించి గిరీశం చెప్పే మాటలను విడిగా తీసి సౌజన్యారావు నోట పెడితే అవి అక్షరం మారకుండా ధర్మపన్నాలవుతాయి. నోరు మారితే నిజం అబద్ధమయ్యే మాటకు సొంత అర్థం ఎక్కడిదన్న ప్రశ్నను నాటకం లేవనెత్తి వదిలేస్తుంది. అర్థం ఎప్పటికీ స్థిరపడదన్న ఈ సిద్ధాంతానికీ, రసాస్వాదంలో అర్థం విశ్రాంతి పొందుతుందన్న అభినవగుప్తుడికీ మధ్య రాజీ కుదర్చడం అసాధ్యం; కుదిరినట్టు రాసిన పుస్తకాలు రెండింటికీ అన్యాయం చేస్తాయి.

డబ్బు, భూమి, స్త్రీ

మార్క్సిస్టు విమర్శకు మూలం ఉత్పత్తి సంబంధాలు పునాది అని, చట్టం, మతం, కళ వంటివి దాని మీద లేచిన ఉపరితల నిర్మాణమని కార్ల్ మార్క్స్ 1859లో చెప్పిన మాట. ఈ దృష్టికి కన్యాశుల్కం ఒక దురాచారం కాదు, ఒక బజారు. అగ్రహారం భూముల మీద బతికే కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరిగే కాలంలో, వ్యాజ్యాల పిచ్చి ఉన్న అగ్నిహోత్రావధాన్లుకు కూతురు చేతిలో ఉన్న సరుకు. మధురవాణి పెళ్లికి ఎరువిచ్చిన కంటె అనే నగ కూడా చేతులు మారి, దాని కోసం ఆమెను ఉంచుకున్న రామప్ప పంతులు నానా తంటాలు పడటం ఇదే బజారుకు అద్దం. మార్క్సిస్టులలోనూ ఏకాభిప్రాయం లేదు. హంగరీకి చెందిన గ్యోర్గ్ లూకాచ్ ఒక కాలపు సామాజిక శక్తులన్నిటినీ ప్రాతినిధ్య పాత్రలలో సంపూర్ణంగా చూపే వాస్తవికతను మెచ్చుకుంటే, పియెర్ మషరే 1966లో రచన చెప్పినదానికంటే చెప్పలేక మూగబోయిన చోటే భావజాలం బయటపడుతుందన్నాడు. లూకాచ్ గిరీశం దగ్గర ఆగుతాడు. మషరే సుబ్బి మౌనం దగ్గర, లుబ్ధావధాన్లు ఇంటి పనివాడు అసిరిగాడి దగ్గర ఆగుతాడు. తెలుగులో రాచమల్లు రామచంద్రారెడ్డి మార్క్సిస్టుగా ఉంటూనే, భావజాలం సరైనదైతే చాలదని, అనుభూతిగా మారనిది సాహిత్యం కాదని పట్టుబట్టి తన పక్షంవారినే ఇబ్బంది పెట్టారు. ఆ పట్టుదల తెలుగు విమర్శకు ఎంతో మేలు చేసింది.

మనోవిశ్లేషణ విమర్శ తెలుగులో ఈ నాటకం కంటే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ వంటి నవలల దగ్గర ఎక్కువగా ఫలించింది. పాత్రల లోపలి ఘర్షణ బాహాటంగా కథావస్తువైన చోట ఫ్రాయిడ్ పనికివచ్చినంతగా, ప్రతి పాత్రా నోటితోనే బతికే కన్యాశుల్కంలో పనికిరాడు.

స్త్రీవాద విమర్శ అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ నాటకంలో ఏ స్త్రీకి తన బతుకు మీద మాట ఉంది? వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీ రాయాలంటే సొంత గది, సొంత ఆదాయం కావాలని వాదించింది. ఆ రెండూ నాటకంలో మధురవాణికే ఉన్నాయి, అందుకే ఆమెకే మాట ఉంది. కూతురు పెళ్లిని ఆపడానికి ఇల్లాలు వెంకమ్మ దగ్గర ఉన్న ఆయుధం ఆమె ఒళ్లొక్కటే. ఆమె నూతిలో దూకుతుంది. బుచ్చమ్మ, లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి, పూటకూళ్లమ్మ ముగ్గురూ వితంతువులే. తండ్రి కాపలా నుంచి గిరీశం చేతికి, అక్కడి నుంచి సౌజన్యారావు నిర్ణయం మీద పూనాలోని వితంతు శరణాలయానికి చేరే బుచ్చమ్మను ఏ మజిలీలోనూ ఆమెకేం కావాలో సరిగ్గా అడిగినవారు లేరు. చారిత్రక విమర్శకుడికి పూనా ప్రయాణం సంస్కరణ విజయం; స్త్రీవాద విమర్శకురాలికి అది మంచివాడైన మరో మగవాడి తీర్పు. ఇక్కడ రెండు సిద్ధాంతాలు నిజంగానే విడిపోతాయి. కందుకూరి వీరేశలింగం కాలంలో భోగం మేళాలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమాన్ని సౌజన్యారావు పాటిస్తాడు. ఆ ఉద్యమం గెలిస్తే తనవంటివారి బతుకుతెరువు ఏమవుతుందన్న మధురవాణి ప్రశ్న అతని నీతి ముందు కొరుకుడుపడని ఎముకలా మిగులుతుంది. వెల్చేరు నారాయణరావు ఈ నాటకాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, 2007లో వెలువడిన ఆ పుస్తకంలో దీనిని సంఘసంస్కరణ నాటకంగా చూసే అలవాటును ప్రశ్నించి, వలసకాలపు ఆధునికతను నిలదీసిన రచనగా చదవమన్నారు. రచయిత పీఠికకు ఎదురు నిలిచే ఈ చదువు అంగీకరించినవారినీ, కోప్పడినవారినీ నాటకం దగ్గరికే తిప్పి పంపింది.

ఎవరు చదువుతున్నారు

రససిద్ధాంతానికీ, చదివేవారి కులం, లింగం వంటి అస్తిత్వాలను ముందుకు తెచ్చే అస్తిత్వవాద విమర్శకూ మధ్య ఉన్న వైరం అన్నిటికంటే లోతైనది. సాధారణీకరణం జరగాలంటే సహృదయుడు తాను ఫలానా కులంవాడినని, ఫలానా ఊరివాడినని, ఆడదాన్నని మగవాణ్ణని మరచిపోవాలి. మరచిపోనివాడికి రసవిఘ్నం కలుగుతుందని శాస్త్రం చెబుతుంది. అమెరికా స్త్రీవాది జూడిత్ ఫెటర్లీ 1978లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాట చెప్పింది. పురుషుడి కళ్లతో లోకాన్ని చూసేలా రచనలు స్త్రీని తీర్చిదిద్దుతాయి కనుక, ఆమె తానెవరో మరచిపోకుండా ప్రతిఘటిస్తూ చదవాలన్నది ఆమె వాదం. మరాఠీ విమర్శకుడు శరణ్‌కుమార్ లింబాళే దళిత సాహిత్య సౌందర్యశాస్త్రం మీద రాసిన గ్రంథంలో, ఆనందాన్నే గమ్యంగా పెట్టుకున్న సౌందర్యశాస్త్రం దళిత రచనకు కొలత కాజాలదని, ఆ సాహిత్యం పాఠకుణ్ణి అశాంతికి గురిచేయడానికి పుట్టిందని వాదించాడు.

గుర్రం జాషువా ‘గబ్బిలం’ ఈ తగాదాను తెలుగులో తేటతెల్లం చేస్తుంది. 1941లో మొదటి భాగం వచ్చిన ఈ కావ్యంలో, ఆకలితో మాడే ఒక దళితుడు గుడిలోకి వెళ్లడానికి అనుమతి లేని తన గోడును గుడిలో వేలాడే గబ్బిలం ద్వారా కాశీలోని శివుడికి పంపుకుంటాడు. ఆలంకారికుడు ఇందులో కరుణరసాన్ని, కాళిదాసు ‘మేఘసందేశం’ ఒరవడిని చూసి మెచ్చుకుంటాడు. రూపవాది హంస, మేఘం వంటి దూతలకు అలవాటైన సందేశకావ్యంలో అశుభమని తోలే గబ్బిలాన్ని ప్రవేశపెట్టడమే పెద్ద ఎత్తుగడ అంటాడు. ఇద్దరి మాటా నిజమే. కాని దళిత విమర్శకుడు, గుడిలోకి వెళ్లగలిగినవాడు ఈ పద్యాలు చదివి కన్నీరు కార్చి రసాస్వాదం చేసి ఇంటికి వెళ్లిపోతే కావ్యం ఏం సాధించినట్టని అడుగుతాడు. ఆ ప్రశ్నకు రససిద్ధాంతం లోపల సమాధానం లేదు, వెతకడం కూడా వృథా. అది ఆ సిద్ధాంతం తనకు తాను గీసుకున్న గిరి బయట ఉంది. ‘నీలిమేఘాలు’ 1993లోను, ‘చిక్కనవుతున్న పాట’ 1995లోను సంకలనాలుగా వచ్చి తెలుగు కవిత్వంలో స్త్రీలు, దళితులు తమ పేర్లతో, తమ గొంతుతో నిలబడిన రోజుల్లో, రచయిత చనిపోయాడన్న బార్త్ మాట ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో పాఠంగా నడుస్తోంది. అప్పుడప్పుడే మాట దక్కినవారికి ఆ మాటకు యజమాని అక్కరలేదని చెప్పడం ఎంత కటువుగా వినిపిస్తుందో ఊహించవచ్చు. పారిస్‌లో అధికారాన్ని దించడానికి పుట్టిన వాదం మరోచోట ఎవరి చేతిలోని కాగితాన్ని లాగేస్తుందో చూసుకోవలసిన అవసరం ఉంది.

ఏది మూలపాఠం

రచన ఒక్కటే ప్రమాణమన్నవారికి కన్యాశుల్కం చివరగా ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. 1897 నాటి కూర్పు చిన్నది. 1909లో గురజాడ దానిని ఏడంకాల మహానాటకంగా పెంచాడు, మధురవాణి ఇప్పుడు తెలిసిన మధురవాణిగా ఎదిగింది ఆ రెండవ కూర్పులోనే. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన సినిమాలో ఎన్. టి. రామారావును గిరీశంగా, సావిత్రిని మధురవాణిగా చూసిన తరం మనసులో ఉన్నది ఈ రెండు కూర్పులూ కాని మూడవ కన్యాశుల్కం. నవ్య విమర్శకుడు పదం పదం తడిమి చదవడానికి ముందు ఏ పుస్తకం చేత పట్టుకోవాలో నిర్ణయించుకోవాలి, ఆ నిర్ణయానికి పదాలు సాయం చేయవు. రెండు కూర్పుల మధ్య పన్నెండేళ్లలో గురజాడ ఏం చదివాడు, ఎవరితో వాదించాడు, వ్యావహారిక భాష గురించి ఏ నమ్మకానికి వచ్చాడు అన్న సంగతుల్లోకి, అంటే వాకిలి బయట నిలబెట్టిన రచయిత దగ్గరికే అతడు తిరిగి వెళ్లవలసి వస్తుంది.